విజయ ఆంటీ మెలికల ముగ్గు

గుండె దడకి రోజూ నడవమన్నారు డాక్టరు. అందుకని పొద్దున్నే మా చిలకలగూడ అపార్ట్‌మెంట్ ముందు ఎనిమిది అంకెలా తిరుగుతుంటాను. ఈ రోజు దిగేసరికి ఆ జాగా నిండా కింది ఫ్లాటు విజయ ఆంటీ వేసిన మెలికల ముగ్గు ఉంది. ఆవిడ ముగ్గులు ఈ మధ్య మరీ పెద్దవైపోతున్నాయని అందరం నవ్వుకుంటాం.

ఆఫీసు మీటింగ్ తలుచుకుంటే అప్పటికే దడ మొదలైంది. ముగ్గు తొక్కకూడదు కదా, గీత పక్కనే మెల్లగా అడుగులో అడుగు వేశాను. ఒక చుక్కని చుట్టి ఇంకో చుక్క దగ్గరికి, అక్కణ్ణుంచి మరో చుక్క దగ్గరికి. దగ్గర్లోని స్టేషన్‌లో రైలు కూత నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది. గీతతో పాటే తిరిగి తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాను. దడ లేదు.

తలెత్తితే గుమ్మంలో ఆంటీ.

"సారీ ఆంటీ, మనసు బాగోక మీ ముగ్గులో నడిచాను."

"నాకు మాత్రం ఏం బాగుందని ఏస్తున్న బిడ్డా, రోజూ గింత పెద్దది?" అంది ఆంటీ. "చెయ్యి తిరిగినంతసేపు జెర నిమ్మళం."

మీటింగ్ ఎలాగో గడిచిపోయింది. మీ వీధిలో ఎవరి ముగ్గయినా రోజురోజుకీ పెద్దదవుతోందా? ఓసారి పలకరించి, ఏమన్నారో ఇక్కడ రాయండి.