కొంగు చాటు నవ్వు

పుష్కరం దాటింది. ఒక ఆడమనిషి నవ్వుని ఏడుపు చేసి నలుగురి ముందూ పెట్టాను. మెప్పు పొందాను. తీరా ఆవిడ అడగడానికి వచ్చేసరికి, ఆ తప్పుని ఆరో తరగతి చదివే పిల్ల నెత్తిన రుద్ది చేతులు దులుపుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నయం. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నా నోటికి ముందు అబద్ధమే వస్తుంది. నా నోరు అలాంటిది, దాని సంగతి నాకు బాగా తెలుసు.

అనకాపల్లిలో మాకో ఫొటో స్టూడియో ఉంది. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. నాకు పెళ్లి కాని రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. బెల్లం మార్కెట్లో మోతపని చేసేవాళ్ల పిల్లలకి చిన్న కెమెరాలు ఇచ్చి, ఫొటోలు తియ్యడం నేర్పిస్తామన్నారు. నోటితో చెప్పుకోలేనివి పిల్లలు ఫొటోల్లో చెప్పుకుంటారట. నేర్పడానికి ఊళ్లో మనిషి కావాలంటే నాన్న నన్ను చూపించాడు. అప్పటికి నాకు పాస్‌పోర్టు ఫొటోలు, ఓణీల ఫంక్షన్లు తప్ప ఇంకేమీ రాదు. అయినా "టీచర్, టీచర్" అని పిల్లలు వెంటపడుతుంటే ఒళ్లు తెలియలేదు.

శనివారాలు చర్చి పక్క హాల్లో క్లాసు. పిల్లలు ఏం తీసేవారనుకున్నారు? మేకపిల్ల ముక్కు. తడి గోడ. ఒకడైతే వారమంతా వాళ్ల నాన్న చెప్పుల ఫొటోలే తీసుకొచ్చాడు. అవెందుకు తియ్యాలో వాళ్లకెవరూ చెప్పలేదు, వాళ్లకి తియ్యాలనిపించింది, తీశారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంస్థ వాళ్లు చెప్పిన మాట అచ్చంగా అదే కదా అనిపిస్తుంది. అప్పుడు మాత్రం, అయ్యో, ఇవి ఎవరికి చూపించగలం అనుకున్నాను.

వాళ్లలో ఒక పిల్ల ఉండేది. అసలు పేరు రాయను, సువార్త అనుకోండి. తండ్రి బెల్లం దిమ్మలు మోసే కలాసీ, తల్లి అదే మార్కెట్లో ఊడ్చే పని. మాట తక్కువ. కెమెరా మెడలో పడ్డాక మాత్రం పిల్లకి మాటలొచ్చాయి. ఒక శనివారం పరుగెత్తుకొచ్చి వాళ్లమ్మ ఫొటో చూపించింది. కుళాయి దగ్గర అంట్లు తోముతున్న మనిషి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ముందుకి వంగిపోయి ఉంది. నుదురూ, బూడిద అంటిన వేళ్లూ తప్ప ఏమీ కనబడటం లేదు. "నేనేటి ఈరోయిన్నా అని నవ్వేసి మొగం కప్పేసుకుంది టీచర్" అని చెప్పి, తనూ నవ్వింది. తర్వాత ఇంకొకటి చూపించింది. అందులో కొంగు జారిపోయింది. పైపన్ను ఒకటి లేదు. ఆ మనిషి నోరంతా తెరిచి నవ్వుతోంది.

ఆ ఫొటోల కింద ఏదైనా రాయమంటే సువార్త రాసింది: "మాయమ్మకి సిగ్గు."

ఊళ్లో ఒక కల్యాణ మండపంలో ఈ ఫొటోలన్నీ ప్రదర్శనకి పెట్టాలని సంస్థ వాళ్లు ముందే అనుకున్నారు. వాటిని చూడ్డానికి వచ్చిన ఆ సంస్థ సారు తల ఆడించి, అన్నీ బావున్నాయి గానీ వీళ్ల కష్టం ఎక్కడా కనబడటం లేదే, చూసినవాళ్ల మనసు కదలాలి కదా అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది, నేనే సరిగ్గా నేర్పలేకపోయానని. ఆయన దగ్గర ఉద్యోగం దొరుకుతుందేమో అన్న ఆశ కూడా లోపల ఉంది, అది దాచడమెందుకు? స్టూడియోకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని పప్పులో రాళ్లేరినట్టు కష్టం కోసం ఏరాను. కొంగు అడ్డం పెట్టుకున్న ఫొటో దగ్గర చెయ్యి ఆగింది.

కొంగు వెనక మనిషి నవ్వుతోందో ఏడుస్తోందో చూసేవాళ్లకి తెలియదు. నాకు తెలుసు. రెండో ఫొటో పక్కనే ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను. సువార్త రాసింది చెరిపేసి, "మా అమ్మ రోజూ ఇలాగే ఏడుస్తుంది" అని రాశాను.

జనం ఆ ఫొటో ముందే ఆగారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. సారు నా దగ్గరకొచ్చి, ఆ ఒక్క వాక్యం చాలండీ అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు పండగలా ఉంది. సువార్త ఆ ఫొటో ముందు నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం చూశాను. చదివి నా వైపు తిరిగింది. నేను వేరే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాను.

మర్నాడు పేపర్లో, జిల్లా పేజీలో అదే ఫొటో పడింది, కింద పిల్ల పేరుతో, నా వాక్యంతో సహా.

రెండ్రోజుల తర్వాత తల్లి, పిల్ల చెయ్యి పట్టుకుని స్టూడియోకి వచ్చింది. చేతిలో మడతపెట్టిన పేపరు.

"ఏటమ్మా ఇది? నేను నవ్వుతుంటే ఏడుత్తన్నానని రాసేసేరు. మార్కెట్టు యార్డులో అందరూ మా ఆయన్ని పట్టుకుని, పెళ్లాన్ని రోజూ కొడతన్నావేటి బావా అని అడగతన్నారంట. పాస్టరుగోరు పిలిసి బుద్ధి సెప్పేరు. పనిలోకెళ్లకుండా ఇంట్లో కూకున్నాడు. ఎవులు సెప్పేరమ్మా మీకు?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. కంప్యూటర్ నా వెనకే ఉంది. రెండో ఫొటో తెరిచి చూపిస్తే అయిపోయేది.

"నేనెందుకు రాస్తానమ్మా? మీ పిల్ల చెప్పిందే రాశాం" అన్నాను.

ఆవిడ పిల్ల వైపు తిరిగింది. "నువ్వు సెప్పేవేటే?"

సువార్త వాళ్లమ్మని చూడలేదు. నన్ను చూసింది. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది గానీ, అంతసేపు ఉండదు.

"నేనే సెప్పేనమ్మా."

"ఎందుకే? మీ నాన్న నన్నెప్పుడేనా ఒక్క మాటన్నాడా?"

ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. పిల్ల మెడలోంచి కెమెరా తీసి, తాడు చుట్టి, నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. "మాకొద్దమ్మా ఈ ఫొటోలు. మీకో దండం" అని వెళ్లిపోయింది.

సువార్త ఎందుకు ఒప్పుకుంది? చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను, టీచరంటే భయం, అందుకని. అది కాదు. ఏ గొడవ వచ్చినా కెమెరాలన్నీ వెనక్కి పట్టుకుపోతారు జాగ్రత్త అని క్లాసులో పిల్లల్ని బెదిరించింది నేనే. మిగతావాళ్ల కెమెరాలు పోకూడదని తనది వదులుకుంది. ఇది నా ఊహే, నేనెప్పుడూ అడగలేదు. అడిగే మొహం ఉందా నాకు? ఆ పిల్ల మళ్లీ క్లాసుకి రాలేదు. ఆ ఉద్యోగమూ నాకు రాలేదు. కానీ రాకపోవడం శిక్ష అనుకుని తృప్తి పడేంత తెలివితక్కువదాన్ని కాను.

పోన్లే, ఇంటికెళ్లాక ఎప్పుడో ఒకప్పుడు తల్లితో నిజం చెప్పేసి ఉంటుంది అనుకునేదాన్ని. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట పట్టుకునే నిద్రపోయాను.

ఇవాళ పొద్దున ఇద్దరూ స్టూడియోకి వచ్చారు. సువార్త నర్సింగు చదివింది, ఉద్యోగానికి పాస్‌పోర్టు సైజు ఫొటోలు కావాలట. నన్ను గుర్తుపట్టింది. "బాగున్నారా టీచర్" అంది. నీలం తెర ముందు కూర్చోబెట్టి తీశాను. గెడ్డం కొంచెం పైకి అన్నాను, అంతే. పెద్దావిడ పక్కన నిలబడి ఉంటే, ఏం మాట్లాడాలో తెలియక, మీకూ ఒకటి తియ్యనా అమ్మా, డబ్బులేం వద్దులే అన్నాను.

ఆవిడ చటుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"వద్దమ్మా బాబూ! నేను నవ్వితే ఏడిసేనని ఊరంతా సెప్పేత్తాది మా యమ్మి. సిన్నప్పుడు ఓసారి సేసింది గదా, దాని పని!" అంటూ కూతుర్ని చూపించి పడీ పడీ నవ్వింది. ఆవిడకి కోపం ఎప్పుడో పోయింది. అది వాళ్లింట్లో వేళాకోళం అయిపోయింది. ఇన్నేళ్లూ ఆ వేళాకోళం ఆ పిల్లే భరిస్తోంది.

సువార్త తల్లికి నిజం చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. అప్పటిలాగే నా వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకుని తెర వైపు చూసింది. నేను ఈసారైనా నోరు తెరిచానా? రేపు సాయంత్రం రండి, ఇచ్చేస్తాను అన్నాను.

కంప్యూటర్లు మారినా ఆ పాత ఫొటోల్ని ప్రతిసారీ కొత్తదాంట్లోకి ఎక్కించుకుంటూ వచ్చాను. ఎందుకో నన్నడగకండి. పారెయ్యలేకపోయాను, చూడలేకపోయాను. ఇవాళ తెరిచాను. కొంగు జారిన ఫొటో పెద్ద సైజులో ప్రింటు వేశాను. వెనక పెన్నుతో రాశాను: "మాయమ్మకి సిగ్గు. ఫొటో తీసింది, ఈ మాట రాసింది సువార్త. ఏడుస్తోందని రాసింది నేను. తను చెప్పిందని అబద్ధం ఆడింది నేను."

దాన్ని పాస్‌పోర్టు ఫొటోల కవర్లో పెట్టాను. కవరు నేనే ఇస్తానని మా ఆయనకి చెప్పాను. ఏం, అంత ముఖ్యమా అన్నాడు. అవునన్నాను. క్షమించమని రాయలేదు. ఆ పిల్ల వదులుకున్నది నేనడిగితే తిరిగొస్తుందా? ఆ తండ్రి ఇంట్లో కూర్చున్న రోజులు వెనక్కి వస్తాయా?

ఒక్కటే భయం. రేపు వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి నా చెయ్యి కవర్లోంచి ఆ ఒక్క ఫొటో తీసేస్తుందేమోనని. నన్ను నేను నమ్మను. అందుకే ముందు మీకు చెప్పేశాను.