రేకుల మీద ఎర్రగుడ్డ

నేను చదివింది ఐదో తరగతి, అది కూడా పూర్తి చేయలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అంగడి చీటీ తప్ప ఇంతవరకు ఏమీ రాసి ఎరగను. మా మ్యూజియం మేడమ్ "నువ్వు చూసింది నువ్వే రాయి మునెమ్మా, నేను రాస్తే నా మాటలైపోతాయి" అన్నారని ధైర్యం చేస్తున్నాను. తప్పులు కనిపిస్తే సర్దుకుని చదవండి.

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. మాది పలమనేరు దగ్గర పల్లె. మా నాయన చీకట్లో ఒక్కడే మడికి నీళ్లు కట్టడానికి పోయేవాడు. భయం లేదా అని ఎవరైనా అడిగితే, "దయ్యం కనపడితే దాని సేతికీ ఒక పార ఇస్తా, పని బిరీన అయిపోతాది" అనేవాడు. అట్లాంటి ఇంట్లో పెరిగినదాన్ని.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కడిగే పని చేసేదాన్ని. అక్కడికి లారీ తోలుకొచ్చే ఆయన్నే చేసుకున్నాను. ఆయనది తడ నుంచి ఇంకా లోపలికి పోతే వచ్చే సముద్రం ఒడ్డు పల్లె. అప్పుడు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఊరి పేరు రాయడం లేదు. పెళ్లయ్యేదాకా నేను సముద్రం చూడలేదు. అందుకే మా అత్త నన్ను పేరు పెట్టి పిలవదు, "మెట్టదానా" అంటుంది.

మా అత్తగారి ఊర్లో తెల్లోళ్ల కాలం నాటి లైట్‌హౌస్ ఒకటి ఉంది. దాంట్లో దీపం వెలిగించడం మానేసి చాలా కాలమైంది. కింద దీపం వెలిగించేవాళ్లు ఉండిన గదుల్ని మ్యూజియం చేశారు. పాత ఇత్తడి దీపం, పెద్ద అద్దాలు, పడవల బొమ్మలు, ఓడలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడిన రంగురంగుల జెండాలు ఉంటాయి. నేను అక్కడ ఊడ్చి, తుడిచి, చింతపండుతో ఇత్తడి తోముతాను.

కరోనాకి ముందు శనివారం వస్తే అక్కడ సందడిగా ఉండేది. పిల్లలు బొమ్మలు వేసేవాళ్లు. ముసలాళ్లు వల అల్లడం నేర్పిస్తూ తుఫాన్ల కథలు చెప్పేవాళ్లు. ఆడవాళ్లు సాయంత్రం పైకెక్కి గాలికి కూర్చునేవాళ్లు. కరోనా వచ్చి గేటుకి తాళం పడింది.

మేడమ్ తిరుపతి మనిషి. బస్సులు ఆగిపోయాక మ్యూజియం పక్క గదిలోనే ఉండిపోయారు. ఊరికే కూర్చునే రకం కాదు. ఫోన్లలో ఏదైనా చేద్దామంటే మా ఊర్లో పెద్ద ఫోన్లు తక్కువ, సిగ్నల్ ఇంకా తక్కువ. అందుకని పిల్లలు ఇంట్లో వేసిన బొమ్మల్ని తెప్పించి బయట గోడకి అంటించారు, దారిన పోయేవాళ్లు చూసేటట్టు. సాయంత్రం లైట్‌హౌస్ మీద మైకు పెట్టి కథలు చదివారు. ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని విన్నారు.

రెండో తడవ కరోనా వచ్చినప్పుడు కథలు వినే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. ఆస్పత్రికి పట్టుకుపోతారని జ్వరాలు దాచుకుంటున్నారు. అప్పుడు మేడమ్‌కి ఆ ఓడల జెండాలు గుర్తొచ్చాయి. ప్రతి ఇంటి మీద ఒక గుడ్డ కట్టాలి, బాగుంటే తెల్లది, సాయం కావాలంటే ఎర్రది, మనం పైనుంచి చూస్తాం అన్నారు.

తెల్లగుడ్డ అనేసరికి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "పచ్చని కాపురం మీద తెల్లగుడ్డ ఎగరేస్తారా మేడమ్మా? మా మొగుళ్లు బతికుండంగానే?" అని ఒకామె గోడ అవతల నుంచే అరిచింది. మేడమ్ నాలిక్కరుచుకుని, సరే, పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ కట్టండి అన్నారు. అది అందరికీ నచ్చింది. పిల్లలకైతే ఆటలాగా అయింది.

మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక నేను మ్యూజియం బైనాక్యులర్ తీసుకుని పైకెక్కి చూసేదాన్ని. పొద్దున గుడ్డలు వేలాడుతూ ఉంటాయి, సరిగా కనిపించవు. గాలి తిరిగితే విచ్చుకుంటాయి. ఎర్రగుడ్డ కనిపిస్తే ఖాదర్ అన్నకి ఫోన్ చేయాలి. ఆయనది ఆటో. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసేదానికి వేలికి పెట్టే మిషన్, మందులు ఆయన దగ్గర ఉండేవి. ఎర్రగుడ్డ కట్టిన ఇంట్లో ఏమీ అడగొద్దు, ముందు వేలికి మిషన్ పెట్టాలి అని మేడమ్ గట్టిగా చెప్పారు.

గుడ్డ కట్టని ఇల్లు మాదే. మా అత్త కట్టనివ్వలేదు.

"జెండా ఎగరేసేదానికి ఇదేమన్నా పంచాయతీ ఆఫీసా? మా ఇంటి సంగతి ఊరికంతా ఎందుకు సెప్పాల?" అనింది. ఇంకో మాట కూడా అనింది. "మెట్టదానా, పైకెక్కి ఊరోళ్ల ఇండ్లల్లోకి తొంగి సూసేదానికి జీతమిస్తా ఉండారా నీకు?"

అప్పుడు ఇంట్లో ఇద్దరమే. మా కూతుర్ని పుట్టింట్లో మా అమ్మ దగ్గర వదిలాం. మా ఆయన లారీతో తడ చెక్‌పోస్టుకి అవతల, తమిళనాడులో చిక్కుకుపోయాడు. ఫోన్ చేస్తే మొదటి మాట "మాయమ్మ తినిందా" అనే. వాళ్లమ్మకి ఏమన్నా అయితే ఆఖరి చూపుకి కూడా రాలేని పరిస్థితి. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం పైకి అనేవాళ్లం కాదు.

అత్త ఒళ్లు నొప్పులని రెండు పూటలు పడుకుంది. పరీక్ష చేయించుకుందాం అంటే నన్ను తిట్టింది. ఆ తర్వాత లేచి తిరుగుతోంది కాబట్టి నేనూ ఊరుకున్నాను. నేను చెప్పబోయే రోజు పొద్దున కూడా చేపలకు ఉప్పు రాస్తూ, నేను పెట్టిన చారు గొడ్డు కూడా తాగదు అనింది. నోరు బాగా ఉంది కదా, మనిషీ బాగుందనుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తిని పనికి పోయి, గాలి తిరిగాక పైకెక్కాను. ఎప్పటిలాగే ఒక చివర నుంచి చూసుకుంటూ వచ్చాను. అన్నీ పసుపు. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి రేకుల మీద ఎర్రగుడ్డ ఉంది.

మొదట ఉత్త కళ్లతోనే చూశాను. తర్వాత బైనాక్యులర్ అద్దాలు కొంగుతో తుడిచి మళ్లీ చూశాను. రేకుల నడి నెత్తిన ఒక కర్ర, దానికి గుడ్డ. సగం చీరంత పొడుగు ఉంటుంది. బాగా విచ్చుకుని ఎగురుతోంది. చుట్టుపక్కల మనిషి లేడు.

పైన సిగ్నల్ ఉంటుంది. అత్తకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

"అత్తా, రేకుల మీద ఎర్రగుడ్డ కట్టినావా?"

"నేనేడ కట్టినానే? నా మోకాళ్లకి ఇంట్లో పీట ఎక్కేదే కష్టం, రేకులెక్కతానా?"

"నాకు కనపడతా ఉండాది అత్తా."

"ఎండలో నిలబడితే నీకు నేను గూడా ఎర్రంగానే కనపడతా. దిగిరా పో." పెట్టేసింది.

ఆమె మాట్లాడినంత సేపూ గుడ్డ నా కళ్ల ముందే ఉంది. నేను మేడమ్‌ని కేకేశాను. ఆమె ఆయాసపడుతూ పైకొచ్చి బైనాక్యులర్ తీసుకున్నారు. మీ ఇల్లు ఏది అని అడిగారు. నేను చూపించాను. "ఎర్రగుడ్డే" అన్నారు. ఇది నా ఒక్కదాని కంటి భ్రమ అనుకునేవాళ్లు ఉంటారని ఈ మాట రాస్తున్నాను. మేడమ్ ఈ రోజుకీ అదే చెబుతారు.

అత్త కట్టలేదంటోంది అన్నాను. మేడమ్, "ఎవరు కట్టారో తర్వాత చూద్దాం. ఎర్రగుడ్డ కనపడితే పోవాలి, అంతే" అని ఖాదర్ అన్నకి తనే ఫోన్ చేశారు.

నేను కిందికి దిగి ఇంటికి పరుగెత్తాను. మేడమ్ పైనే ఉండి చూస్తున్నారు. "ఆటో మీ ఇంటి ముందు ఆగింది, ఖాదర్ దిగుతుంటే అటు చూశాను, మళ్లీ పైకి చూస్తే గుడ్డ లేదు" అని ఆమె తర్వాత చెప్పారు.

నేను పోయేసరికి మా అత్త వాకిట్లో నిలబడి ఖాదర్ అన్నతో పోట్లాడుతోంది. రేకుల మీద ఏమీ లేదు. కర్ర కూడా లేదు.

"ఏ గుడ్డా లేదు, పొయ్యేద్దువు పో అబ్బా."

"పెద్దమ్మా, ఊరికే వేలియ్యి. పెట్టి తీసేస్తా. నేను పొయ్యి అన్నం తినాల."

"తినిపోదువు రా, మా మెట్టది సారు పెట్టింది. తాగితే నువ్వే ఆస్పత్రికి పోతావు."

నవ్వుతూనే వేలిచ్చింది. మిషన్ మీద డెబ్బై రెండు వచ్చింది. తొంభై నాలుగు, ఐదు ఉండాలి అంటారు. ఖాదర్ అన్న మొహం మారింది. వేలికి ఉప్పు ఉందని కడిగించి మళ్లీ పెట్టాడు. అంతే వచ్చింది. తన వేలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది చూపించింది.

"డెబ్బై రెండేంది?" అనింది అత్త. "నాకింకా అరవై ఐదే. నీ మిషన్‌కి వయసు సెప్పేది గూడా రాదు."

మాకు నవ్వు రాలేదు. ఆస్పత్రికి పోదాం అంటే రానంది. నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "రేపు నీ కొడుకు మాయమ్మ యాడ అని అడిగితే నేనేం సెప్పాల అత్తా? రేకుల మీద గుడ్డ సూసినా గానీ ఊరుకున్యా అని సెప్పాల్నా?" అన్నాను. ఆమె వక్కాకు సంచి తెచ్చుకుంటానని లోపలికి పోబోయి గడప దగ్గరే తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి అందలేదు. ఖాదర్ అన్న, నేను ఎత్తి ఆటోలో వేశాం.

ఆస్పత్రిలో అదృష్టం కొద్దీ ఆక్సిజన్ మంచం దొరికింది. కొంతమంది ఇట్లాగే ఉంటారు, బాగా మాట్లాడుతూనే ఉంటారు, లోపల ఊపిరి అయిపోతూ ఉంటుంది అని డాక్టరు చెప్పాడు. ఇంకో రాత్రి ఇంట్లో ఉంచి ఉంటే ఆయన చేసేది ఏమీ ఉండేది కాదంట. చాలా రోజులు పట్టింది కానీ మా అత్త బతికింది.

ఇక గుడ్డ సంగతి. ఇంట్లో అంత ఎర్రగుడ్డ ఏదీ లేదు. పెట్టెలన్నీ దించి వెతికాను. మా రేకులు పాతవి, పిల్లి నడిచినా పగులుతాయి. మనిషి ఎక్కితే లోపల పడాల్సిందే. ఎదురింటి సుబ్బమ్మ మధ్యాహ్నమంతా చేపలు ఎండబెడుతూ కాకుల్ని తోలుతూ అక్కడే కూర్చుంది. ఎవరూ ఎక్కలేదు, ఏ గుడ్డా చూడలేదు అనింది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఊర్లో కొందరు మా మామ కట్టాడన్నారు. మామ నేను కాపురానికి రాకముందే సముద్రం మీద చేపల వేటకి పోయి తిరిగి రాలేదు. ఒళ్లు కూడా దొరకలేదు. ఆ మాట ఎవరో ఫోన్లో అంటే, మా అత్త ఆస్పత్రి మంచం మీద నుంచే, "ఆయప్ప బతికుండంగా ఒక పంచె ఆరేసింది లేదు. ఇప్పుడొచ్చి జెండా కడతాడా" అనింది. నేనూ నవ్వాను. అప్పటిదాకా నాకు పెద్ద భయం లేదు.

ఇంటికొచ్చాక ఒకనాడు ఆమె వాకిట్లో మంచం మీద ఉంది. నేను గంజి తెచ్చి ఇచ్చాను. తాగకుండా పక్కన పెట్టి, "నిజం సెప్పు. ఆ గుడ్డ ఏ దిక్కుకి ఎగరతా ఉండింది?" అని అడిగింది.

నేను అది ఎప్పుడూ ఆలోచించలేదు. మా వైపు గుడ్డ ఎగిరితే ఎగిరిందంటాం, దిక్కు ఎవరూ చూడరు. సముద్రం మీద బతికేవాళ్లకి మొదట వచ్చే ప్రశ్న అదేనంట. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. పసుపు గుడ్డలన్నీ సముద్రం గాలికి ఊరి వైపు ఎగురుతున్నాయి. ఎర్రది ఒక్కటే సముద్రం వైపు ఎగురుతోంది.

నేను కల్పించుకుంటున్నానేమో అని మేడమ్ దగ్గరికి పోయి, ఏమీ చెప్పకుండా అడిగాను. ఆమె కూడా "సముద్రం వైపు" అన్నారు. ఆ తర్వాత నా మొహం చూసి, "అదెట్లా మునెమ్మా? గాలి అటు నుంచి కదా వస్తా ఉండింది" అన్నారు.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. ఆమె తల ఊపింది.

"అయితే అది సాయం అడిగేదానికి కట్టింది కాదులేమ్మే" అనింది. మెట్టదానా అనకుండా నన్ను అమ్మే అనడం అదే మొదటిసారి.

"మరి ఎందుకు కట్టింది అత్తా?"

"నాకు సముద్రంలోకి దారి సూపిచ్చేదానికి. నువ్వు మీ మేడమ్మ సెప్పినట్టు సూసుకొని అడ్డం పడినావు." చల్లారిన గంజి తాగి అటు తిరిగి పడుకుంది. మళ్లీ ఎన్నిసార్లు అడిగినా దాని గురించి మాట్లాడలేదు.

మా అత్త ఇప్పుడు బాగుంది. కొడుకూ ఇంటికొచ్చాడు. ఆ గుడ్డ ఎవరు కట్టారో, ఆమెను కాపాడమని కట్టారో, తీసుకుపోవడానికి కట్టారో నాకు ఈ రోజుకీ తెలీదు. కాపాడమనే అయితే ఎవరికి దండం పెట్టాలో తెలీదు. తీసుకుపోవడానికే అయితే నేను ఎవరి పనికి అడ్డం పోయానో అదీ తెలీదు.

చూసింది చూసినట్టు రాశాను. నా చేతిరాతలో, మాటల్లో ఏ తప్పులున్నా మీ ఇంటి ఆడపిల్ల రాసిందనుకుని మన్నించండి.