కొబ్బరిచెట్టెక్కిన ఉస్తాద్

"మీ మావయ్య ఎలిపోనాడమ్మా. పొద్దున్న టీ తాగినాడు, గ్లాసు కడిగి బోర్లించినాడు, కుర్చీలో కూకుని అలాగే ఎలిపోనాడు" అని పోయిన వారం అత్తయ్య ఫోన్లో చెప్పింది. నేను సెలవు పెట్టి, పలాసలో రైలు దిగి, సోంపేట దగ్గర మా ఊరు చేరేసరికి వీధిలో అందరూ ఆయన కబుర్లే చెప్పుకుంటున్నారు. ఏడుస్తున్నవాళ్ళే నవ్వుతున్నారు.

మా అమ్మకు తమ్ముడాయన. సైనికాధికారులను తయారుచేసే అకాడమీలో చాలాకాలం వ్యాయామం నేర్పిన ఉస్తాద్. రిటైరై వచ్చాక జీడితోట చూసుకుంటూనే, పరుగెత్తగలిగిన పిల్లలందరినీ తెల్లారేసరికి సముద్రపుటొడ్డుకు తోలేవారు. నేనూ అలా పరుగెత్తినదాన్నే. అకాడమీకి ఎంపికయ్యానని చెబితే, "తిండి దగ్గిర సిగ్గుపడకు, నిద్ర దగ్గిర మొగమాటపడకు. మిగతాది ఆళ్ళే సూసుకుంటారు" అన్నారు.

అక్కడ చదువు కూడా తక్కువేం కాదు. పొద్దుటి పరుగులతో ఒళ్ళు పులిసిపోయి క్లాసులో కూర్చుంటే మ్యాపు మీద గీతలన్నీ అల్లుకుపోయేవి. ఆదివారం ఫోను చేసి మొరపెట్టుకుంటే, "ఆ పాఠం నాకు సెప్పు" అనేవారు.

"నీకు తెలీదేటి మావయ్యా?"

"నాకు తాడెక్కడం తెలుసు. మ్యాపులు నాకెవులు నేర్పినారు? సెప్పు."

గీతలు దగ్గరగా ఉంటే నిటారైన కొండ, దూరంగా ఉంటే వాలు అని చెప్పేదాన్ని. "మరి గాలికి పొద్దుకో సోట ఉండే మన ఇసకదిబ్బని ఎలా గీత్తారు?" అనేవారు. ఆయనకు జవాబు వెతికే పనిలో పరీక్ష గట్టెక్కేశాను.

గట్టెక్కనిది ఒక్కటే. ఈతకొలను పక్కన, నీళ్ళలోకి దూకాల్సిన ఎత్తైన బల్ల. నీళ్ళు నాకు కొత్త కాదు, ఎత్తంటేనే భయం. పైదాకా ఎక్కి, మెట్లమీదుగా దిగి వచ్చేసేదాన్ని. అది దూకకపోతే అధికారిని కాలేను. సెలవులకు ఇంటికొచ్చి, ఇక వెళ్ళనని మొండికేశాను.

మావయ్య లుంగీ ఎగ్గట్టి పెరట్లో కొబ్బరిచెట్టు ఎక్కడం మొదలుపెట్టారు. సగం పైకి వెళ్ళి ఆగిపోయారు. చెట్టును కావలించుకుని కళ్ళు మూసుకున్నారు.

"మావయ్యా, దిగు!"

"దిగనేనే అమ్మీ. నిచ్చెన తే."

అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. "మేడెక్కితేనే ఆ మనిసికి కళ్ళు తిరుగుతాయి!"

పక్కింటివాళ్ళు నిచ్చెన వేసి దించారు. చెమట తుడుచుకుంటూ ఆయన నా పక్కన కూలబడ్డారు. "ఆ బల్ల మీంచి ముందు దూకి సూపించాల్సింది ఉస్తాదే. పెతీసారీ నాకు కాళ్ళొణికీవి. ఒణుకుతూనే దూకీవోణ్ణి. భయం పోయాక దూకుదామంటే ముసలోళ్ళమైపోతాం అమ్మీ."

తిరిగి వెళ్ళి ఆ బల్లెక్కాను. కాళ్ళు వణికాయి. చెట్టుకు అతుక్కుపోయిన మావయ్య గుర్తొచ్చి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే దూకేశాను. ఎందుకు నవ్వావని కింద అధికారి గద్దిస్తే, "మా మావయ్య, సార్" అన్నాను. ఆయనకేం అర్థమైందో గాని, పాసని రాసుకున్నారు.

మొన్న వేసవిలో మావయ్యని చివరిసారి చూశాను. తెల్లవారుతుంటే ఆయనా అత్తయ్యా తడి ఇసుక మీద నడుస్తున్నారు. ఆయనది కవాతు నడక. అత్తయ్య గవ్వలేరుకుంటూ, ఆగుతూ, ఇష్టమొచ్చినట్టు అడుగేస్తోంది. ఎందరి అడుగులనో కేకేసి సరిచేసిన మనిషి, ఆవిడ అడుగు తప్పినప్పుడల్లా చప్పున కాలు మార్చి, తన అడుగును ఆవిడ అడుగులో కలుపుకుంటున్నారు.