ఎక్కడ పట్టేస్తోంది?

ఆమెను అందరూ టేపక్క అంటారు. కొలతల టేపు మెడలో లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. కూరగాయలకు వెళ్లినా, బ్యాంకులో వరసలో నిలబడినా అది భుజాల మీంచి పసుపుపచ్చని చారలా జారుతూ ఉంటుంది. అంకెలు సగం చెరిగిపోయాయి, అంచులు మెత్తబడ్డాయి. "నిద్రపోయేటప్పుడైనా తీస్తుందా?" అని ఎవరైనా అడిగితే, బస్సు నడిపే ఆమె మొగుడు, "తీస్తుంది. తీసి నా నడుముకి చుట్టి చూసి, నిట్టూర్చి పడుకుంటుంది" అంటాడు.

టేపక్క దగ్గరికి వచ్చేవాళ్లు బట్టల దుకాణాల్లో ఏదీ సరిపోనివాళ్లు. ఒక భుజం కిందికి జారినవాళ్లు, వెన్ను ఒక పక్కకి ఒరిగినవాళ్లు, చక్రాల కుర్చీలోనే పగలంతా గడిపేవాళ్లు. వాళ్ల కోసమే ఆమె మెట్లు లేని గుమ్మం వెతికి మరీ ఈ ఇంట్లోకి వచ్చింది. ముందు గదే కుట్టుగది. కిటికీ పక్కన మిషను, మధ్యలో దుప్పటి మడతలు పరిచిన బల్ల, గోడవార గుడ్డల తానులు. ఎండ పడే వేళకి ఆ గదిలో గాలి కంటికి కనిపిస్తుంది. నూగు తేలుతూ ఉంటుంది, ఆ వారం ఏ గుడ్డ కత్తిరిస్తే ఆ రంగులో.

కుట్టిన బట్ట తొడిగాక ఎవరినీ వెంటనే అద్దం ముందుకు పోనివ్వదు. ముందు ఒక మాట అడుగుతుంది.

"ఎక్కడ పట్టేస్తోంది?"

ఎక్కడా లేదు, బాగానే ఉంది అంటారు చాలామంది. సర్దుకోవడం అలవాటైపోయినవాళ్లు. టేపక్క కదలదు. "మొహమాటం వద్దు. గుడ్డ ఏమీ అనుకోదులే. చెయ్యెత్తు. ఊపిరి పీల్చు. ఇప్పుడు చెప్పు." అప్పుడు మెల్లగా, ఏదో తప్పు చేసినట్టు, చంక దగ్గరో మెడ వెనకో చూపిస్తారు. ఆమె మొహం వెలిగిపోతుంది.

ఆమెకి ఇంకో పద్ధతి ఉంది. గుడ్డ మీద పరిచి కత్తిరించుకునే కాగితపు ప్యాటర్న్‌లని దర్జీలు మేకుకి తగిలించి ఏళ్ల తరబడి దాచుకుంటారు. టేపక్క దాచదు. గీతలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, కాగితాన్ని ఆ మనిషి కళ్లముందే చింపేస్తుంది. "నీ ఒళ్లు నా గోడకి వేలాడదు" అంటుంది. ఆ మాట విన్నవాళ్లు మళ్లీ వస్తారు.

ఆ లాప్‌టాప్ ఆమె పాత ఉద్యోగపు తాలూకు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ప్యాటర్న్‌లు గీసేది. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు, ఎవరికీ అక్కర్లేని ఆ బరువైన యంత్రాన్ని అడిగి ఇంటికి తెచ్చుకుంది, గీతలు గీసే సాఫ్ట్‌వేర్‌తో సహా. ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కదు. మూత అంచు విరిగింది. మీట ఒకటి ఊడిపోతే దాని చోట చొక్కా గుండీ అతికించింది. మొగుడు దానికి పెట్టిన పేరు ముసలమ్మ.

ముసలమ్మ మీద నూగు పడకూడదని టేపక్క దానికో తొడుగు కుట్టింది. పైన నీలం గుడ్డ, లోపల దూది పొర, అంచుల వెంట తెల్ల పైపింగు. చార్జరు వైరు దూరడానికి ఒక కాజా, మౌసు వైరుకి ఇంకొకటి. మూత తెరిచి పని చేస్తున్నా తొడుగు ఊడదు, చొక్కాలా ఒంటి మీదే ఉంటుంది. అడుగున సన్నని చీలికలు వరసగా ఉన్నాయి. దుమ్ము లోపలికి పోయేది అక్కడినుంచేనని అక్కడ ఇంకో పొర దూది ఎక్కువే వేసింది.

"నాకెప్పుడైనా ఇంత నప్పేటట్టు కుట్టావా?" అని మొగుడు కుళ్లుకున్నాడు.

"ముసలమ్మ ఒళ్లు మారదండీ. మీది వారానికోలా ఉంటుంది."

అలా చాలాకాలం గడిచింది. ఆ మధ్య ముసలమ్మ పని నడుస్తుండగానే ఆరిపోవడం మొదలుపెట్టింది. ఒక చప్పుడూ ఉండదు, ముందుగా చెప్పడమూ ఉండదు, తెర నల్లబడిపోతుంది. కాసేపాగి మీట నొక్కితే మళ్లీ లేస్తుంది. వయసు కదా అని టేపక్క సరిపెట్టుకుంది. ఒక శనివారం పొద్దున మాత్రం సరిపెట్టుకోవడం కుదరలేదు.

ఆ రోజు కత్తిరించాల్సింది ఒక అమ్మాయి కోటు. రోడ్డు ప్రమాదంలో వెన్ను, ఎడమ భుజం విరిగి, ఎన్నో ఆపరేషన్ల తర్వాత చక్రాల కుర్చీలో నిలదొక్కుకున్న అమ్మాయి. సోమవారం ఒక ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరబోతోంది. తలుపు తీసుకుని వచ్చేవాళ్లకి మొదట కనిపించే బల్ల దగ్గర కూర్చుని, ఎవరు ఎటు వెళ్లాలో చెప్పే పని. కోటు గుడ్డ ఆలస్యంగా దొరికింది. దొరికేసరికి చేతిలో మిగిలింది శని, ఆదివారాలు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయిని కొలవడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఎడమ చెయ్యి కొంచెం లేపితే చాలు, పెదవి కొరుక్కునేది. మధ్యలో ఆపి నీళ్లు తాగించి, మళ్లీ టేపు పెట్టాల్సి వచ్చింది. చివరికి కళ్లు మూసుకునే అంది. "డాక్టర్లు కొలిచారు. ఇన్సూరెన్సు వాళ్లు కొలిచారు. ఇక నన్నెవరూ కొలవద్దక్కా."

"నాదే ఆఖరు. మాటిస్తున్నా" అంది టేపక్క. కొలతలు లాప్‌టాప్‌లోకి ఎక్కించి, కాగితం చింపి, ముక్కలు ఆ అమ్మాయి దోసిట్లో పోసింది. ఆ అమ్మాయి వాటిని కిటికీలోంచి ఎగరేసి, ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఇప్పుడా ఒళ్లంతా ముసలమ్మ కడుపులో ఉంది. ముసలమ్మేమో కళ్లు తెరిచి, ప్యాటర్న్ సగం చూపించి, మూసేసుకుంటోంది. ప్రింటరు మొదటి కాగితం మింగేలోపే తెర చీకటి.

సెలవు మీద ఇంట్లో ఉన్న మొగుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "బ్యాటరీ అయ్యుంటుంది. పాతబడితే నిలవదు."

బ్యాటరీ ఊడదీసి, చార్జరు మీదే నడిపించారు. లేచింది, ప్యాటర్న్ తెరుచుకుంది, ఆరిపోయింది. చార్జరు పాడైందేమోనని పక్కింటి టీచరుగారి దగ్గర అలాంటిదే ఒకటి అడిగి తెచ్చాడు. అదే వరస. గోడలోని ప్లగ్గు మార్చి, వంటింటి ప్లగ్గులో పెట్టి చూశారు. అక్కడా అంతే, కాకపోతే ఈసారి ఇద్దరూ పొయ్యి పక్కన నిలబడి చూశారు.

"నా బస్సయితే దిగి, ఒక తన్ను తంతే కదిలేది" అన్నాడు.

"మీ బస్సుని మీరే తన్నుకోండి. దీని మీద చెయ్యి పడితే ఊరుకోను."

చెరో చెయ్యీ వేసి, నిజం ముసలమ్మనే స్కూటరు ఎక్కిస్తున్నంత జాగ్రత్తగా లాప్‌టాప్‌ని రిపేరు షాపుకి తీసుకెళ్లారు. షాపతను అప్పటికే నలుగురితో మాట్లాడుతున్నాడు. నీలం తొడుగు గుండీలు విప్పి, దాన్ని ఒకసారి మెచ్చుకోలుగా నిమిరి పక్కన పెట్టి, లాప్‌టాప్‌ని గాజు కౌంటరు మీద ఆన్ చేశాడు.

వెలిగింది. వెలుగుతూనే ఉంది.

టేపక్క కళ్లార్పకుండా చూసింది. టీ వచ్చింది, గ్లాసులు ఖాళీ అయ్యాయి. ఎవరో ఒకాయన ఫోను బాగుచేయించుకుని వెళ్లిపోయాడు. ముసలమ్మ మాత్రం కౌంటరు మీద కూర్చుని, అత్తారింట్లో ఉన్న కోడలంత బుద్ధిగా వెలుగుతూనే ఉంది.

"దీనికేం లేదమ్మా" అన్నాడు షాపతను. "వయసైపోయింది, అంతే. కావాలంటే మంగళవారం దాకా ఉంచండి, విప్పి చూస్తాను."

"ఇందులో ఫైళ్లు వేరేదాంట్లోకి తీసిస్తారా?"

"తీస్తాను. కానీ ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా అవి ఎందులో తెరుస్తారు?"

ఎందులోనూ తెరవలేనని టేపక్కకి తెలుసు. ప్రింటరు తెచ్చుకుని ఇక్కడే కూర్చోవచ్చా అని అడగబోయింది గాని, కౌంటరు ముందు పెరుగుతున్న జనాన్ని చూసి ఆగిపోయింది. ముసలమ్మకి తొడుగు తొడిగి, గుండీలు పెట్టి, గుండెకి హత్తుకుని ఇంటికొచ్చింది. బల్ల మీద పెట్టి ఆన్ చేసింది. ప్యాటర్న్ తెరిచింది. భుజం గీత కనిపించింది, దాని కింద చంక వంపు. అంతలో తెర నల్లగా అయిపోయి, అందులో ఆమె మొహమే కనిపించింది.

"చూశావా" అన్నాడు మొగుడు. "డాక్టరు ముందు జ్వరం ఉండదు."

ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"అక్కా, కోటు ఎందాకా వచ్చింది?"

"వస్తోంది."

ఆ అమ్మాయి గొంతు తగ్గించి అంది. "ఏదైనా ఇబ్బందైతే చెప్పు. కావాలంటే... మళ్లీ కొలుచుకో. ఓర్చుకుంటాను."

"ఆ మాట ఎత్తకు" అంది టేపక్క. "రేపు సాయంత్రం రా. తొడుక్కుని చూద్దువుగాని."

ఫోను పెట్టేశాక కూర్చుండిపోయింది. మొగుడు ఆమె మెడలోని టేపు కొసని వేళ్లతో సవరించాడు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడింది. ఆ వెలుగులో ఈ వారం కత్తిరించిన గుడ్డల నూగు, ముదురు నీలం, మెల్లగా దిగుతూ ముసలమ్మ తొడుగు మీద వాలుతోంది.

టేపక్క దాన్ని తుడవబోయి అరచెయ్యి అక్కడే ఆపింది. వెచ్చగా ఉంది. ఇస్త్రీ పెట్టె కిందనుంచి అప్పుడే తీసిన కాలరులా ఉంది. అడుగున చెయ్యి పెట్టింది. అక్కడ ఇంకా వేడి.

నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చింది. "ఎక్కడ పట్టేస్తోందమ్మా?"

"అది చెప్తుందా ఏంటి?" అన్నాడు మొగుడు.

ఆమె వినలేదు. కళ్లు మూసుకుని, మనిషి ఒంటిని తడిమినట్టే తొడుగు మీద వేళ్లు జరుపుతోంది. అంచులు, కాజాలు, అడుగు. రెండో పొర దూది దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

"షాపులో దీని చొక్కా విప్పారు" అంది నెమ్మదిగా.

"విప్పారు. అయితే?"

"ఇంటికొస్తూ నేను మళ్లీ తొడిగాను."

కిందటి ఏడాది మండుటెండలో ఒకాయన లైనింగు మందంగా వేయించుకుని, కళ్లు తిరిగి ఈ గదిలోనే కూలబడ్డాడు. అప్పుడు ఆమె చేసిన మొదటి పని గుండీలు విప్పడం. ఇప్పుడు గుండీలతో సరిపెట్టలేదు. బ్లేడు తీసి తొడుగు అడుగుకుట్టు మొత్తం కొస దాకా చీరేసింది. తన కుట్టు తనే అంత వేగంగా విప్పడం మొగుడు ఎప్పుడూ చూడలేదు.

లాప్‌టాప్ తిరగేసింది. చీలికలు ఎక్కడున్నాయో కనపడనంతగా మెత్తటి పొర పేరుకుని ఉంది. సూదితో ఒక కొస లేపితే చాప చుట్టలా మొత్తం లేచి వచ్చింది. వెలుతురులో పెట్టి చూసింది. కింద తెలుపు, ఆ పైన ఎవరిదో పెళ్లికోటు మెరూన్, ఒక పిల్లాడి స్కూలు చొక్కా ఆకుపచ్చ, అన్నిటికన్నా పైన ఈ వారం నీలం. ఇన్నేళ్లూ ఆమె కత్తిరించిన గుడ్డలన్నీ కొంచెం కొంచెం ముసలమ్మ ఊపిరిలో ఉన్నాయి.

"నేనే దీని ముక్కు మూశాను" అంది.

"ముక్కు నువ్వు మూశావు, తిట్లు నా బస్సుకి పడ్డాయి" అన్నాడు మొగుడు. అని, స్క్రూడ్రైవరు తెచ్చి ఆమె పక్కనే కింద కూర్చున్నాడు.

అడుగు మూత విప్పారు. ఫ్యాను రెక్కల మధ్య కూడా అదే నూగు. మిషను శుభ్రం చేసుకునే బ్రష్షుతో ఆమె ఒక్కో రెక్కా తుడిచింది, పసిపిల్ల చెవి తుడిచినట్టు. అతను స్క్రూలు సీసామూతలో వేసి, కదలకుండా అరచేతితో కాపలా కాశాడు. మూత బిగించాక, మెత్తని దుప్పటి బల్ల వదిలేసి, కింద చెక్కపీట మీద నాలుగు మూలలా దారపు రీళ్లు నిలబెట్టి, వాటి మీద ముసలమ్మని కూర్చోబెట్టింది. అడుగున గాలి ఆడటానికి చోటొచ్చింది. మీట నొక్కింది.

సన్నని ఈల వినిపించింది. ఫ్యాను తిరుగుతోంది. దాని గొంతు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

ప్యాటర్న్ తెరుచుకుంది. భుజం గీత, చంక వంపు, పక్కకి ఒరిగిన వెన్ను, ఒకదాని తర్వాత ఒకటి. ఇద్దరూ తెర వైపు ఓరగా చూస్తున్నారు, సూటిగా చూస్తే ఆరిపోతుందేమో అన్నట్టు. ప్రింటరు మొదటి కాగితం మింగి, బయటికి వదిలింది. రెండోది వదిలింది. ఆఖరి కాగితం ట్రేలో పడ్డప్పుడు టేపక్క ఊపిరి వదిలింది. ఆ పైన మొగుడు గుర్తుచేయకముందే పెన్‌డ్రైవు వెతికి తెచ్చి, ప్యాటర్న్‌లన్నీ ప్రింటుకి పనికొచ్చే బొమ్మలుగా మార్చి అందులోకి ఎక్కించింది. వాటిని ఏ కంప్యూటర్లోనైనా తెరవొచ్చు.

"ఆకలేస్తోంది" అంది.

"పొద్దుట్నుంచీ నాకు వేస్తూనే ఉంది" అన్నాడతను.

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి మెట్లు లేని గుమ్మం దాటి లోపలికొచ్చింది. వస్తూనే, ముసలమ్మ కథంతా టేపక్క మొగుడి నోట వింది. ఎడమ చెయ్యి ఎత్తక్కర్లేకుండా కోటు భుజం దగ్గర తెరుచుకుని, మళ్లీ మూసుకునేలా కుట్టింది టేపక్క. తొడిగి, గుండీలు పెట్టి, అద్దానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడ పట్టేస్తోంది?"

"ఎక్కడా లేదక్కా."

"మొహమాటం."

ఆ అమ్మాయి కుడిచెయ్యి చాపి, ఇదుగో ఇటు వెళ్లండి అని ఎవరికో దారి చూపిస్తున్నట్టు తిప్పింది. "ఇదిగో, మణికట్టు దగ్గర. కొంచెం."

టేపక్క మొహం వెలిగిపోయింది. అంచుకుట్టు విప్పి వదులు చేసి, మళ్లీ కుట్టి, అప్పుడు పక్కకి తప్పుకుంది. అద్దంలో ఆ అమ్మాయి తన భుజాల వంక చాలాసేపు చూసుకుంది. కోటు ఆ ఒరిగిన భుజాన్ని దాచలేదు, నొక్కలేదు. దాని దారిన దాన్ని ఉండనిచ్చింది.

టేపక్క అలవాటు ప్రకారం కాగితపు ప్యాటర్న్ తీసి చింపబోయింది.

"ఆగక్కా. అది నాకివ్వు."

"నువ్వేం చేసుకుంటావ్?"

"ముసలమ్మకి మళ్లీ కళ్లు తిరిగితే?"

లోపలి గదిలోంచి మొగుడి నవ్వు వినిపించింది. అతని చేతిలో నీళ్ల సీసా ఉంది. చిరిగిన నీలం తొడుగులో మిగిలిన ముక్క, తెల్ల పైపింగుతో సహా, దానికి చొక్కాగా మారింది. అందులో నీళ్లు మధ్యాహ్నం దాకా చల్లగానే ఉంటాయని రూటు మీద అందరికీ చెప్పుకోబోతున్నాడు.

టేపక్క కాగితాల్ని చుట్టచుట్టి, మీద ఎర్రదారం కట్టి ఇచ్చింది. ఆ అమ్మాయి దాన్ని ఒళ్లో పెట్టుకుని, కొత్త కోటుతోనే వీధిలోకి వెళ్లింది. మలుపు తిరిగేదాకా టేపక్క గుమ్మంలోనే నిలబడి చూసింది. లోపలికి వచ్చేసరికి పీట మీద, రీళ్ల మీద కూర్చున్న ముసలమ్మ తెర ఇంకా వెలుగుతూనే ఉంది.