గుడ్డ మీద చదరంగం

ఉద్యోగం కోసం కోస్తా నుంచి పటాన్‌చెరు వచ్చినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అరవైల చివరి రోజులు. ఉద్యోగం దొరికింది, కిరాయికి గది దొరికింది, కొన్నాళ్లకు మా రుచికి వండే మెస్సు కూడా దొరికింది. దొరకనిదల్లా ఎదురుగా కూర్చుని చదరంగం ఆడే మనిషి. మా ఊళ్లో హైస్కూలు మేష్టారి దగ్గర, పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్న ఆట అది. ఆ పుస్తకంలో లేని ఎత్తు వేస్తే మేష్టారు చేతి మీద స్కేలుతో కొట్టేవారు. ఫ్యాక్టరీలో నా పని కూడా అలాంటిదే. మిషన్ల మీద తయారైన ముక్కలను కొలిచి, సరిగ్గా ఉంటే పచ్చరంగు, లేకపోతే ఎర్రరంగు పూయాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్రరంగు పూసేసేవాణ్ణి. అందుకు గర్వపడేవాణ్ణి కూడా.

చదరంగానికి చోటు కోసం కాళ్లరిగేలా తిరిగాను. ఫ్యాక్టరీ క్లబ్బులో బోర్డు ఉంది, కానీ అద్దాల బీరువాలో ఉంది. బీరువా తాళం సెక్రటరీ దగ్గర, సెక్రటరీ ఎప్పుడు చూసినా టూర్లో. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే కాబోలు అనుకునేవాణ్ణి. ఒకసారి నేనూ నా గదిలో ఉండేవాడూ బస్టాండు దగ్గర ఇరానీ హోటల్లో బోర్డు పరిచాం. యజమాని కాసేపు ఓపిక పట్టి, గల్లా దిగి వచ్చి, "ఏక్ చాయ్ పే కిత్తే ఘంటే బైఠతే మియా? యే హోటల్ హై, ఘర్ నై" అని, ఒక్క టీతో గంటలు గడపడానికి ఇది ఇల్లు కాదని లేవగొట్టాడు. గదిలోనే ఆడుకుందామంటే, మావాడు ఓడిపోతున్నానని అనుమానం రాగానే తువ్వాలు దులిపినట్టు బోర్డు దులిపేసేవాడు.

చివరికి ఒక ఆదివారం బస్సెక్కి సంగారెడ్డి పోయి అక్కడి లైబ్రరీలో అడిగాను. "ఈడ సప్పుడు చేసుడు నడవదు" అన్నాడు లైబ్రేరియన్. చదరంగంలో చప్పుడేముందండీ అంటే, "ఓడినోడు ఊకుంటడా?" అన్నాడు. మా గదివాణ్ణి తలుచుకుని బయటికి వచ్చేశాను.

చంకలో ఒక ప్యాంటు ఉంది, పొడుగు తగ్గించాలి. వచ్చినందుకు ఆ పనైనా చేసుకుపోదామని పాత బజారు గల్లీలో ఒక దర్జీ దుకాణం మెట్లెక్కాను. అరవై దాటిన ముస్లిం పెద్దాయన, మెడలో టేపు. బట్ట కత్తిరించే పెద్ద బల్ల మీద నీలం గుడ్డ ఒకటి పరిచి ఉంది. దాని మీద తెల్లదారంతో గళ్లు కుట్టి ఉన్నాయి. గళ్లన్నీ నీలమే, ఒకటి నలుపూ ఒకటి తెలుపూ అన్న తేడా లేదు. వాటి మీద లక్కపూత పూసిన పావులు, ఎరుపు ఒక వైపు, ఆకుపచ్చ ఒక వైపు. బల్ల చుట్టూ నలుగురైదుగురు.

"ప్యాంటు రెండంగుళాలు తగ్గించాలండీ" అన్నాను. కళ్లు మాత్రం గుడ్డ మీదే ఉన్నాయి.

ఆయన ప్యాంటు వంక చూడలేదు. నా ముఖం చూశాడు. "వస్తదా?"

"వస్తుందండీ."

"అయితే కూసోండ్రి. ప్యాంటు యాడికి పోదు."

మొదటి ఎత్తుకే గొడవైంది. నేను బంటును రెండు గళ్లు జరిపితే పక్కనున్న గాజుల దుకాణం ఆయన దాన్ని వెనక్కి తోసి, "సిపాయి ఒక్క అడుగే నడుస్తడు సాబ్" అన్నాడు. కాసేపటికి దర్జీ పెద్దాయన తన రాజును తీసి గుర్రంలా దూకించాడు. ఇదెక్కడి ఆటండీ అన్నాను. ఆట మొత్తంలో ఒక్కసారి, అప్పటిదాకా రాజుకు షహ్, అంటే చెక్, తగలకపోతే, అలా దూకవచ్చునట. మా పుస్తకంలో రాజు కోట కడతాడు గానీ దూకడని చెప్పాను.

"మా అబ్బాజాన్ గిట్లనే నేర్పిండు" అన్నాడాయన. "ఆయనకు ఆయన అబ్బాజాన్ నేర్పిండు. మీ కితాబు మాకు ఎరక లేదు."

ఆకలి రుచెరుగదు అంటారు. నేను మెడ వంచి వాళ్ల ఆటే ఆడాను. ఆ రోజు మూడాటలూ ఓడిపోయాను. ప్యాంటు మాత్రం అద్భుతంగా కుదిరింది.

అలా మూడేళ్లు. ఆదివారం వస్తే పొద్దున్నే బస్సెక్కేవాణ్ణి. వాళ్ల ఆట నిదానం. బంట్లు ఒక్కో అడుగే కదా, యుద్ధం మొదలవడానికే గంట పట్టేది. చూసేవాళ్లు చేతులు కట్టుకుని చూడటం అన్నది అక్కడ లేదు. కచేరీలో పనిచేసి రిటైరైన గుమస్తా ఒకాయన నా చెవిలో ఒక ఎత్తు చెప్పేవాడు, మరుక్షణం అవతలికి పోయి దానికి విరుగుడు చెప్పేవాడు. అన్నిటికంటే గొప్ప గెలుపు బంటుతో మాత్ చేయడం, అంటే బంటుతో రాజుకు ఆట కట్టించడం. మంత్రితో మాత్ చేసే వీలున్నా పెద్దాయన చేసేవాడు కాదు, బంటు నడిచి వచ్చేదాకా ఆగేవాడు. ఆగి, ఓడిపోయేవాడు కూడా. "వజీర్ కొడితే ఏముంది సాబ్, గది దాని నౌకరీ. సిపాయి కొట్టాలె" అనేవాడు. రాజును దూకించే ముందు మాత్రం ఆయన ముఖం చూడాలి. వేళ్లు పావు మీద పెట్టి, మనకు సంగతి అర్థమయ్యేదాకా ఆగి, అప్పుడు ఎత్తేవాడు. ఆ ఎత్తు నేనూ నేర్చుకున్నాను. ఎన్ని ఆదివారాలు నా రాజు ఆ గుడ్డ మీద దూకిందో లెక్కలేదు.

మొదట్లో ఆయన్ని సాయిబుగారూ అనేవాణ్ణి, తర్వాత అందరిలాగే చాచా అన్నాను. మా ప్రాంతం వాళ్లంటే ఊరు గుర్రుగా ఉన్న రోజులు కూడా మధ్యలో వచ్చాయి. ఒకసారి దుకాణానికి వచ్చిన కొత్త మనిషి నా యాస విని, "ఈయన ఏ దిక్కోడు?" అని అడిగాడు. చాచా తల ఎత్తకుండా, "ఎర్రపావుల దిక్కు" అన్నాడు. ఆ రోజు తిరుగు బస్సులో నాకు ఆ మాట తలుచుకుంటే ఏడుపొచ్చింది. సొంత ఊరు వదిలాక నన్ను తనవాడు అన్న మొదటి మనిషి ఆయన.

ఇక నా బుద్ధి గురించి చెప్పాలి. ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి క్లబ్బులో చదరంగం పోటీ పెట్టారు, బయటివాళ్లూ ఆడవచ్చన్నారు. రూల్సు పుస్తకం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తగవు తీర్చే పని నాకు అప్పగించారు. ఆ రూల్సు ఇంగ్లీషులో టైపు చేయించి గోడకు అంటించాను. సంగారెడ్డిలో నాకొక ఉస్తాద్ ఉన్నాడు, తీసుకొస్తాను చూడండి అని అందరితో గొప్పలు పోయాను. ముఖ్యంగా మా సెక్షన్ ఆఫీసరుతో. ఆయనా మా వైపు వాడే, ఆయనా ఆడతాడు.

చాచా మొదట రానన్నాడు. "మీ దొరల నడుమ నేనెందుకు సాబ్?" అన్నాడు. నేనే బతిమాలాను. వస్తానన్నాక తనే కొత్త షేర్వానీ కుట్టుకున్నాడు. బస్సులో పక్కన కూర్చుని, బటన్లు తడుముకుంటూ, పెళ్లికి పోతున్నట్టు కిటికీలోంచి చూస్తున్నాడు. అక్కడి రూల్సు వేరని ఆయనకు చెప్పాలి. చెబితే మధ్యలోనే దిగిపోతాడేమోనని భయం. దిగిన తర్వాత చెబుదాంలే అనుకున్నాను. దిగిన తర్వాత క్లబ్బులో చెబుదాంలే అనుకున్నాను. గోడ మీది ఇంగ్లీషు ఆయనకు రాదని నాకు తెలుసు.

మొదటి రెండాటలూ గెలిచాడు. ఎదుటివాళ్లు బంటును రెండు గళ్లు నడిపితే నా వైపు చూశాడు. ఇక్కడ చెల్లుతుంది చాచా అన్నాను. రాజుతో కోట కడితే మళ్లీ చూశాడు. ఇదీ చెల్లుతుంది అన్నాను. "మీ సిపాయిలు జల్దీల ఉన్నరు" అని నవ్వి ఊరుకున్నాడు. వాళ్ల ఆట వాళ్లది, తన ఆట తనది అనుకున్నాడు. అతిథిగా పోయినచోట వాళ్ల పద్ధతి ఒప్పుకోవడం ఆయనకు మర్యాద. తన పద్ధతిని వాళ్లు ఒప్పుకోరన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

మూడో ఆట మా ఆఫీసరుతో. చుట్టూ జనం చేరారు. ఆఫీసరు ఏనుగులు రెండూ కలిపి రాజు మీదికి వస్తున్నాడు, ఇంకా షహ్ చెప్పలేదు. చాచా వేళ్లు రాజు మీద పెట్టి ఆగాడు. ఆ ముఖం నాకు తెలుసు. ఏం చేయబోతున్నాడో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆపవచ్చు. ఆపలేదు. రాజును ఎత్తి, గుర్రంలా దూకించి, మీసాల్లో నవ్వుతూ వెనక్కి వాలాడు.

"ఇదేంటండీ?" అన్నాడు ఆఫీసరు. నా వైపు తిరిగి, "మీ ఉస్తాద్ గారు రాజును గుర్రం ఎక్కించారు" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

చాచా కూడా నా వైపే చూశాడు. కంగారేం లేదు ఆయనకు. ఇందాక వాళ్ల ఎత్తులకు చెల్లుతుంది అన్నవాణ్ణి, దీనికీ ఆ మాటే అంటానని చూస్తున్నాడు.

"రాంగ్ మూవ్" అన్నాను. ముక్క మీద ఎర్రరంగు పూసినంత సులువుగా అన్నాను. "ముట్టిన పావునే నడపాలి, రాజును వేరే గడిలో పెట్టండి."

"గట్లనా సాబ్?"

"అవును. రూల్ అంతే."

ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఇది ఈ ప్రాంతపు పాత పద్ధతి, నేనూ మూడేళ్లుగా ఇలాగే ఆడుతున్నాను, తప్పు ముందుగా చెప్పని నాది అని. ఆఫీసరు నవ్వేవాడు, నన్ను చూసి నవ్వేవాడు. ఆ నవ్వు నా మీద పడకూడదని, చాచా మీదనే పడనిచ్చాను. మిగిలిన ఒకే ఒక గడిలో చాచా రాజును పెట్టాడు. రెండు ఎత్తుల్లో మాత్ అయింది. లేచి, షేర్వానీ సర్దుకుని, ఆఫీసరుకు సలామ్ చేశాడు.

బస్సు కోసం నిలబడినప్పుడు అడిగాడు. "మీరు గూడ దూకించిండ్రు గద సాబ్ నా దుకాణంల. అప్పుడెందుకు చెప్పలే తప్పని?"

"మీరు బాధపడతారని చాచా" అన్నాను. అంతకంటే చవకబారు అబద్ధం నా జీవితంలో ఆడలేదు.

రెండు ఆదివారాలు మొహం చెల్లక పోలేదు. మూడో ఆదివారం పోతే, తిడతాడనుకున్న మనిషి బల్ల తుడిచి గుడ్డ పరిచాడు. "మీ రూల్సు, కాయిదాలన్నీ నేర్పుండ్రి. ఒక్కటి గూడ ఇడువొద్దు" అన్నాడు. నా సిగ్గు ఏమైందో తెలియదు, హుషారుగా నేర్పాను. పుస్తకం తెచ్చి, తెలుగులో చెప్పి, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. అంతా సర్దుకుందని మురిసిపోయాను.

ఏమీ సర్దుకోలేదు. కొత్త పద్ధతిలో ఆయన ఆడితే ఓడిపోయేవాడు. అరవై ఏళ్ల అలవాటు చేతుల్లోంచి ఎలా పోతుంది? బంటు రెండడుగులు నడవవచ్చని గుర్తొచ్చేసరికి ఆట చేజారేది. గాజుల దుకాణం ఆయన నాలుగు వారాలు చూసి, "గిదేం ఆట చాచా, మనది మనం ఆడుకుందాం" అన్నాడు. "మనది తప్పున్నదంట. ఇన్నేండ్లు తప్పే ఆడినం. సాబ్ కితాబుల ఉన్నదే కరెక్టు" అన్నాడు చాచా. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. తర్వాత గాజులాయన రావడం మానేశాడు. చెవిలో ఎత్తులు చెప్పడానికి ఎత్తులు తెలియక గుమస్తా మానేశాడు. ఇద్దరమే మిగిలాం. చప్పుడు లేని ఆట. సంగారెడ్డి లైబ్రరీలో ఆడినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

నేనే గెలిచేవాణ్ణి. ప్రతి ఆదివారం గెలిచేవాణ్ణి. ఆ గెలుపులు తలుచుకుంటే ఇప్పటికీ ఒంటిమీద తేళ్లు జెర్రులు పాకినట్టుంటుంది.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఆయన రాజు మూలకు చిక్కింది. ఇంకా షహ్ తగల్లేదు. గుర్రంలా ఒక్కసారి దూకితే బయటపడుతుంది, పడటమే కాదు, నా ఏనుగు పోతుంది. ఆయన గుడ్డ వంక చూస్తున్నాడు. వేళ్లు ఒళ్లోనే ఉన్నాయి. ఇక నాకు పట్టశక్యం కాలేదు.

"దూకించండి చాచా" అన్నాను. "అది తప్పు కాదు. తప్పు కానేకాదు. ఆ రోజు నేనే అబద్ధమాడాను. మన పాత ఆటే ఆడదాం, వాళ్లనీ పిలుద్దాం."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. పెద్దవాళ్లు జ్వరమొచ్చినవాళ్లను చూసినట్టు జాలిగా చూశాడు.

"నా దిల్ ఖుష్ చేస్తందుకు అంటున్నరు మీరు" అన్నాడు. "ఒద్దు సాబ్. తప్పని తెలిసినంక ఎట్ల ఆడుతం?"

అది తప్పు కాదని మళ్లీ చెప్పాను, ఒట్టేసి చెప్పాను. నిండు సభలో చెప్పాల్సిన మాటను ఖాళీ దుకాణంలో ఎన్నిసార్లు చెబితే ఏం లాభం. ఆయన సరేనన్నట్టు తల ఊపి, రాజును పక్కకు పడుకోబెట్టి, కుట్టాల్సిన చొక్కాలు ఉన్నాయని మిషను ముందు కూర్చున్నాడు.