ఎంటర్ నొక్కే ముందు చేతులు ఒళ్ళో

ఇవాళ ఆఫీసులో పాత ఫైళ్ళు తీసేస్తుంటే కంప్యూటర్ "నిజంగా తీసెయ్యాలా?" అని అడిగింది. నా రెండు చేతులూ వాటంతటవే ఒళ్ళోకి వచ్చేశాయి. భద్రాచలంలో సలీం సార్ దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళకు ఎందుకో తెలుసు.

గుర్తుందా? చెప్పులు బయట విడిచి, నల్లటి తెర ముందు ఒద్దికగా కూర్చునేవాళ్ళం. కమాండ్ టైపు చేశాక చేతులు ఒళ్ళో పెట్టుకుని, లైనంతా మొదటి అక్షరం నుంచి పైకి చదివాకే ఎంటర్ నొక్కాలి. నాకది సార్ చాదస్తమనిపించేది. టైపు మిషన్ నేర్చి వచ్చినదాన్ని కదా, లైను అయిపోతే నా చెయ్యి ఆగేది కాదు.

ఆ రోజు నా ఫ్లాపీలో ఉన్నవన్నీ చెరిపెయ్యమన్నారు. టకటకా కొట్టి ఎంటర్ నొక్కేశాను. అన్నీ పోతాయి, అవునంటే వై, కాదంటే ఎన్ కొట్టమని తెర అడిగింది. వై కొట్టాను. ఇంకొక్క ఎంటరే మిగిలింది.

"ఆగు! చేతులు తియ్యి. ఏం కొట్టినవో చదువు." సార్ నా వెనకే నిలబడి ఉన్నారు.

చదివాను. లైను మొదట్లో ఫ్లాపీకి 'ఏ' ఉండాల్సిన చోట 'సి' ఉంది. అంటే చెరిగిపోయేది సార్ కంప్యూటర్‌లో ఉన్నదంతా. పక్కనున్న చర్ల ఊరి పిల్లల కోసం సార్ తయారుచేసిన హాస్టల్ దరఖాస్తులన్నీ అందులోనే ఉన్నాయి.

"మీరే ఆపండి సార్" అన్నాను.

"నేనెందుకు? గింతదాక తెచ్చింది నువ్వు. ఆపేది గూడ నువ్వే బేటా." చేతులు వెనక్కి కట్టుకున్నారు.

వై చెరిపి ఎన్ కొట్టాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని పైకి చదివాను. ఎంటర్ నొక్కాను. ఏదీ పోలేదు.

అప్పుడు సార్ వెనక కట్టుకున్న చేతులు విప్పారు. అవి నా చేతులకన్నా ఎక్కువ వణుకుతున్నాయి.