అర్చనలో రెండో పేరు

మగవాళ్లను ప్రేమించే ఆరుగురు మగవాళ్లం ఒక ఆదివారం మదీనాగూడ నుంచి గుట్ట మీది శివాలయానికి నడిచి వెళ్లాం. మాలో ముందు నడిచి దారి చూపించినాయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. నడివయసు వ్యాన్ డ్రైవరు. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన ఆఫీసులకు మాలాంటి ప్రోగ్రామర్లను చేరవేసేవాడు.

మూడేళ్లు నాతో ఒకే గదిలో కాపురమున్న మురళికి ఆ గురువారమే పెళ్లయింది. అప్పటి నుంచి నేను చేసినవి మూడే: ఆఫీసుకు వెళ్లడం, కోడ్ రాయడం, పడుకోవడం. ఆకలీ తెలియడం లేదు, బాధా తెలియడం లేదు. దారిలో ఆ సంగతి ఆయనకు మాత్రమే చెప్పాను.

గుడిలో అర్చనకు పూజారి గోత్రం, పేర్లు అడిగారు. నా పేరొకటి చెప్పి ఆగిపోయాను.

"రెండోది చెప్పవా?" అన్నాడు పక్కనే నిలబడ్డ డ్రైవరు మెల్లగా.

"అతనికి పెళ్లయిపోయిందన్నా."

"అయితే ఏంది? పేరు గూడ పెండ్లిల కట్నంగ చదివిచ్చినవా? జర జల్ది చెప్పు, ఎనక లైనున్నది."

చెప్పాను.

"మురళి అంటే మీ తమ్ముడా?" అన్నారు పూజారి.

నేను అవుననబోయాను.

"కాదు అయ్యగారూ, ఇంటిమనిషి," అన్నాడాయన నాకంటే ముందే.

పూజారి తలూపి రెండు పేర్లూ ఒకే ఊపిరిలో చదివారు. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. బయట మెట్ల మీద కూర్చుని దొప్పలో పెట్టిన పులిహోర తిన్నాను. అయిపోయాక లేచి వెళ్లి, ఇంకొంచెం పెట్టమని అడిగాను.